రెండో పోటు

"ఒకసారి వేశారా బాబాయ్, రెండుసార్లు వేశారా?" అని షారోన్ డాక్టరమ్మ అడగడమే ఆలస్యం, "ఒక్కసారేనమ్మా, నేనేమన్నా పిచ్చోణ్ణా" అనేశాను. అన్నాక లోపలికి చూసుకున్నాను. ఏమీ లేదు. ఇవాళ పొద్దున ఏడింటికి నా ఇంట్లో, నా చేత్తో, నా భార్య మాబూబీ పొట్టకి ఇన్సులిన్ సూది వేసిన చోట, దూది ఏకుతున్న గదిలోలాగా తెల్లటి నుసి ఎగురుతోంది తప్ప, అందులో సూది ఒకటుందో రెండున్నాయో కనబడడం లేదు. నా నోరు మాత్రం నాకంటే ముందే వెళ్ళి జవాబు చెప్పి వచ్చేసింది. దాన్ని అని లాభం లేదు, డెబ్బై నాలుగేళ్ళుగా అది అలాగే బతికింది. ఎవరు ఏది అడిగినా తడుముకోకుండా చెప్పడమే దాని వృత్తి, దూదేకడం నా చేతుల వృత్తి అయినట్టు. డాక్టరమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి చీటీ మీద ఏదో రాసుకుంది. ఇంగ్లీషులో రాసుకుంది గానీ ఏం రాసుకుందో నాకు తెలుసు. నా మాట కాగితం ఎక్కింది. ఇక అది మాట కాదు, దాన్నిబట్టే వైద్యం. "ఆరాధనా, పావుగంటకోసారి వేలు పొడిచి చూడు. గంటసేపు ఇక్కడే ఉండనీ. చక్కెర పెరిగి నిలబడితే ఇంటికెళ్ళిపోవచ్చు," అని నర్సుకు చెప్పి, లోపలి గదిలో ఎవరో బిడ్డ ఏడుస్తుంటే అటు వెళ్ళిపోయింది. గోడమీద గడియారం పదికి పది నిమిషాలు తక్కువ.

కిటికీ పక్క మంచం మీద మాబూబీ, పక్కన స్టూలు మీద నేను. బయట అద్దంకి రోడ్డు మీద మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న లారీ వెళ్ళిందంటే, లోపల బెంచీల మీద ఉన్న ఆరుగురూ ఒకేసారి దగ్గుతున్నారు, రోగం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా. పొద్దున మాబూబీ వరండాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. చక్కెర జబ్బుతో కళ్ళు మసకబారి నాలుగేళ్ళయింది గానీ దాని వేళ్ళకి చూపుంది, తాలుకాయ తగిలితే చూడకుండానే పక్కకు విసిరేస్తుంది. ఇవాళ మంచికాయలు విసిరేసింది. నేను నవ్వాను కూడా. తర్వాత "నాన్నా, దాహం" అంది నన్ను చూసి. "మీ నాన్న పోయి ముప్పై ఏళ్ళయిందే, ఆయన్నేం అడుగుతావు నీళ్ళు" అన్నాను. యాభై ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళం ఇలాగే ఆట పట్టించుకుంటున్నాం, అదీ అదే అనుకున్నాను. అలా ఎంతసేపు అనుకున్నాను? ఆ నవ్వు ఎంతసేపు నవ్వాను? జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోవడం చూసేదాకా. షానవాజ్ ఆటోలో వేసుకుని వచ్చేసరికి మిషన్లో యాభై నాలుగు చూపించింది. ఆరాధన తల కింద చెయ్యి పెట్టి గ్లాసుడు గ్లూకోజు నీళ్ళు తాగించింది. "ఏం తిన్నది?" అంటే ఒక ఇడ్లీ అన్నాను. అది నిజమే. ఇడ్లీ చూశాను, ఇడ్లీ కనబడుతోంది, రెండోది పళ్ళెంలో వదిలేసింది, దాని మీద ఈగ వాలడం కూడా కనబడుతోంది. ఈగ గుర్తుండి సూది గుర్తుండకపోవడం ఏమిటి?

పదకొండేళ్ళ కిందట ఈ సూది వెయ్యడం నాకు నేర్పింది ఈ డాక్టరమ్మే. అప్పటికి వాళ్ళ నాన్న ప్రసన్నకుమార్ డాక్టరుగారు ఇంకా ఆ లోపలి గదిలోనే కూర్చునేవాడు, ఈ పిల్ల కొత్తగా చదువు ముగించుకుని వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటింది. దీనికి ఆరేళ్ళప్పుడు ఈ బెంచీ కింద దూరి నా కథలు వినేది. నేర్పినప్పుడు చెప్పింది, నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "బాబాయ్, ఈ సీసాలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి వెంటనే పనిచేస్తుంది. ఇంకోటి మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం దాకా మెల్లిగా పనిచేస్తుంది." అదీ సంగతి. ఒకసారే వేసి ఉంటే, ఇడ్లీ ఒక్కటే తిన్నది కాబట్టి పడిపోయింది, ఇప్పుడు తాగిన గ్లూకోజు చాలు. రెండుసార్లు వేసి ఉంటే అసలు దెబ్బ ఇంకా రాలేదు. అది మధ్యాహ్నం, అన్నం తిని కునుకు తీసేటప్పుడు వస్తుంది. నిద్రపోతోందిలే అని నేను పక్కన వక్కలు కత్తిరించుకుంటూ కూర్చుంటాను. ఫ్యానుకింద చెమట కూడా ఆరిపోతుంటుంది. సాయంత్రం టీ పెట్టి లేపుతాను.

కాబట్టి పొద్దున్నుంచి మళ్ళీ మొదలుపెట్టు. లేచాను. మొహం కడిగాను. పొయ్యి మీద పాలు. ఫ్రిజ్ తలుపు తీశాను, తలుపు గంధపు రంగు, పిడికి కట్టిన గుడ్డ. సీసా తీసి రెండు అరచేతుల మధ్య దొర్లించాను, పాలలాగా తెల్లగా కలిసింది. ఇరవై గీత దాకా లాగాను. మాబూబీ పక్కకి తిరిగి పడుకుని ఉంది, చీర కుచ్చిళ్ళ పైన వేళ్ళతో చర్మం పట్టుకున్నాను. పొడిచాను. దూది అద్దాను. ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడ పాలు పొంగిన వాసన వచ్చింది. పరిగెత్తాను. పొయ్యి కట్టేశాను, గట్టు తుడిచాను, తుడుస్తుంటే కిటికీలోంచి ఎవరో పలకరించారు. తిరిగి వచ్చాను. మంచం పక్కన సీసా బయటే ఉంది, సిరంజీ పక్కనే ఉంది. మాబూబీ అటు తిరిగే పడుకుని ఉంది. అది చూసి నేనేం అనుకున్నాను? 'వేశాను, సీసా లోపల పెడదాం' అనుకున్నానా? 'ఇంకా వెయ్యలేదు, పాల గొడవలో మరిచాను' అనుకున్నానా? అసలు పాలు పొంగింది ఇవాళేనా? నిన్న కూడా పొంగాయి. మొన్న కూడా పొంగి ఉంటాయి. కొట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన పరుపుల్లాగా ఉన్నాయి పొద్దున్నలన్నీ, అన్నీ ఒకే చారల గుడ్డతో కుట్టినవి. నడిమధ్య ఉన్నదాన్ని లాగి చూద్దామంటే పైవన్నీ వచ్చి మీద పడుతున్నాయి.

ఆరాధన వచ్చి మాబూబీ వేలు పొడిచింది. బొట్టు నెత్తురు. మిషను అయిదు లెక్కపెట్టింది. డెబ్బై ఒకటి. "పెరుగుతోంది తాతగారూ," అంది నవ్వుతూ. నేనూ నవ్వాను.

సిరంజీలు లెక్కపెట్టుకుందామంటే, ఒకదాన్నే వారం రోజులు వాడతాను. సీసాలో మందు ఎంత తగ్గిందో చూద్దామంటే, నిన్న ఎంత ఉందో చూసినవాడెవడు? జేబులో చెయ్యి పెడితే దూది తగిలింది. నేను దూది పారెయ్యను. దూదేకే ఇంట పుట్టినవాడికి అది చేతకాదు, సూది వేశాక అద్దిన చిటికెడు దూది కూడా జేబులోకే పోతుంది, మాబూబీ చొక్కా ఉతికేటప్పుడు తిట్టి పారేస్తుంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. రెండు. రెండు చిటికెలు. చొక్కా ఎప్పుడు మార్చాను? నిన్నా ఇదేనా? ఒకదాని మీద ఆవగింజంత నెత్తురు, రెండోదాని మీద ఏమీ లేదు. వేలితో నలిపి చూశాను. ఏ చేలో పండిన పత్తో, ఏ మిల్లులో గింజ తీశారో, ఎన్నిసార్లు ఏకారో, కళ్ళు మూసుకుని చెప్పగలిగిన వేళ్ళు నావి. కనిగిరి మెట్టపొలం పత్తికీ మా నల్లరేగడి పత్తికీ తేడా చీకట్లో చెప్పేవాణ్ణి, పందెం కట్టి గెలిచేవాణ్ణి కూడా. ఇది ఇవాళ్టిదో నిన్నటిదో మాత్రం ఆ వేళ్ళు చెప్పడం లేదు. స్పిరిట్ వాసన చూద్దామని ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరప ఘాటు తప్ప ఇంకేమీ అందలేదు. తుమ్మాను. ఎదురు బెంచీ మీదావిడ ఏమనుకుందో గానీ కాస్త పక్కకు జరిగింది.

ఇంకో సంగతి ఉంది, అది నేను డాక్టరమ్మకే కాదు ఎవరికీ చెప్పలేదు. పరుపు కుట్టేటప్పుడు దబ్బనం పైనుంచి కిందికి ఒక పోటు, అక్కడే కిందనుంచి పైకి ఇంకో పోటు. మొదటిది దూదిని పట్టడానికి, రెండోది ముడి బిగించడానికి. రెండోది వెయ్యకుండా వదిలేస్తే ఆర్నెల్లలో దూదంతా ఒక మూలకి చేరి ఉండ కట్టేస్తుంది, ఆ పరుపు మీద పడుకున్నవాడు కుట్టినవాణ్ణి తెల్లారేదాకా తిడతాడు. ఎనిమిదేళ్ళప్పుడు నేను ఒక పోటు వేసి దిక్కులు చూస్తే, మా నాన్న ఏకువిల్లు కొట్టే చెక్కతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. అలా ఎక్కింది రెండో పోటు నా చేతికి. బుర్రకి ఎక్కలేదు, చేతికే ఎక్కింది. యాభై ఏళ్ళు ఊరూరా తిరిగి ఎన్ని వేల పరుపులు కుట్టానో, మాట్లాడుతూ కుట్టాను, పాడుతూ కుట్టాను, కునికిపాట్లు పడుతూ కుట్టాను. ఒకటి పడితే రెండోది దానంతటదే పడాలి. ఇప్పుడు ఈ చేతిని చూస్తుంటే భయమేస్తోంది. తొడ మీద పెట్టుకుని చూస్తున్నాను దాన్ని, ఎవరిదో చెయ్యి చూసినట్టు. నువ్వేం చేశావే పొద్దున? పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, నేను ఎటో చూస్తుంటే, నీ పాటికి నువ్వు ముడి బిగించేశావా?

"మాబూ," అన్నాను చెవి దగ్గర వంగి, ఆరాధన వినకుండా. "పొద్దున నీకు ఎన్నిసార్లు పొడిచాను?"

కళ్ళు తెరవలేదు. "పెళ్ళయిన దగ్గర్నుంచి పొడుస్తూనే ఉన్నావు," అంది.

"వేళాకోళం కాదే. ఇవాళ. ఒకసారా, రెండుసార్లా?"

"నిద్రమత్తులో ఉన్నానయ్యా. నువ్వు వేస్తావులే అని పడుకున్నా." కాస్త ఆగి, "ఎందుకు, నీకు తెలీదా?" అంది.

"నాకెందుకు తెలీదు. నీకు తెలుసో లేదోనని."

చూశారా నోరు. మళ్ళీ ముందే వెళ్ళిపోయింది.

చెప్పేయొచ్చు. లేచి నాలుగడుగులు వేసి, ఆ ఆకుపచ్చ తెర తప్పించి 'అమ్మా, తెలియదు' అనొచ్చు. అంటే ఏమవుతుంది? మా అమ్మాయి సఫూరా వెనక వీధిలోనే ఉంటుంది, కోల్డ్ స్టోరేజీలో కాయలు గ్రేడు చేసే పని. రెండేళ్ళుగా అడుగుతోంది, "నాన్నా, డ్యూటీకి వెళ్ళే ముందు వచ్చి సూది నేను వేసి పోతాను" అని. "నీకు చెయ్యి వణుకుతుంది, నీ మొగుడికి టీ పొయ్యి చాలు" అని తరిమేశాను. ఇప్పుడు సూది పోతుంది. పోతే పోయింది, సూదితో ఆగుతుందా? పాలు పొంగిన సంగతి వస్తుంది, పొయ్యి పోతుంది. రోడ్డు సంగతి వస్తుంది, సైకిలు పోతుంది. తర్వాత ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టి, తలుపుకి బయట గొళ్ళెం పెట్టి, 'మా నాన్నకి మతి లేదండీ' అని వచ్చినవాళ్ళకి చెబుతారు. నా ఎదురుగానే చెబుతారు, నేను పరుపునైనట్టు.

రోడ్డు సంగతంటే దీపావళి ముందటిది. మార్టూరు వెళ్ళి సైకిలు మీద వస్తున్నాను. నా గడ్డం మొలవకముందు నుంచీ వచ్చే రోడ్డు. రెండు పక్కలా పత్తి విచ్చుకుని తెల్లగా ఉంది, సూర్యుడు దిగుతున్నాడు, ఒక వంపు తిరిగాను, అంతే. అది ఏ ఊరి రోడ్డో తెలియలేదు. ముందుకి పోవాలో వెనక్కి పోవాలో తెలియలేదు. పత్తి చేల మధ్య సైకిలు పట్టుకుని నిలబడ్డాను. పొలంనుంచి వస్తున్న మా ఊరి వెంకయ్య ట్రాక్టరు ఆపి "ఏం బాబాయ్ ఇక్కడ నిలబడ్డావు" అన్నాడు. "రోడ్డు జరిగిందిరా," అన్నాను, "పొద్దున ఇక్కడున్న రోడ్డు కాదిది. ప్రభుత్వంవాళ్ళు నాలుగు లైన్ల కోసం కొలుస్తుంటే భయపడి పక్కకు జరిగింది. సర్దుకునేదాకా నిలబడ్డా." వాడు స్టీరింగు మీద పడి నవ్వాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వించాను, రోజుకో ముక్క కలిపి. అలా చాలా కలిశాయి ఈ ఏడాదిలో. మనవడి పేరు పోతే, 'వాడి పేరు అప్పిచ్చాను, ఇంకా తిరిగి ఇవ్వలా' అన్నాను. నవ్వారు. కోతలరాయుడుగా పేరుపడ్డవాడికి ఇదొక సుఖం: బుర్రకి పడ్డ చిల్లులన్నీ కథలే అనుకుంటారు.

ఒక్క ఈ డాక్టరమ్మ నవ్వలేదు. సంక్రాంతి వెళ్ళాక దగ్గుకని వస్తే రోడ్డు కథ చెప్పాను. అంతా విని, "ఎంతసేపు నిలబడ్డారు బాబాయ్?" అంది. అదేం ప్రశ్న? కథలో ఎవడైనా గడియారం చూస్తాడా? "భయమేసిందా?" అంది. తర్వాత మామూలుగా మాట్లాడుతున్నట్టే నిన్న రాత్రి ఏం కూర, సఫూరా చిన్నకొడుకు ఏ క్లాసు, ఇవాళ ఏ వారం అని అడుగుతూ పోయింది, నేను ఎదురు వేళాకోళాలాడుతూ పోయాను, ఆమె ఏవో గీతలు గీసుకుంటూ పోయింది. చివరికి ఒక చీటీ రాసిచ్చి, "ఇది సఫూరాకివ్వండి, ఇద్దరూ కలిసి ఒకసారి రండి" అంది. అది ఇవ్వలేదు. అదొక్కటీ మరిచిపోయి కాదు, గుర్తుండే ఇవ్వలేదు. పెట్టెలో అడుగున పెట్టాను.

రెండోసారి పొడిచింది ఆరాధన. తొంభై ఆరు. మాబూబీ బుగ్గలకి రంగు వస్తోంది. కళ్ళు తెరిచి ఫ్యాను వంక చూస్తోంది. నాకు సంతోషం కలగాలి. కలగడం లేదు. ఎందుకంటే ఇది కూడా నాలాంటి అబద్ధాలకోరే, ఈ తొంభై ఆరు. గ్లూకోజు నీళ్ళు తాగింది కాబట్టి అలా అంటోంది. మధ్యాహ్నానికి ఏమంటుందో చెప్పదు.

"ఏం బాబాయ్, ఇవాళ రోడ్డు సరిగ్గానే ఉందా, జరిగిందా?" అంటూ గుమ్మంలోంచి వెంకయ్యే వచ్చాడు, మెడకి తువ్వాలు చుట్టుకుని దగ్గుకుంటూ. కల్లంలో కాయలు తిరగేసి తిరగేసి వారం నుంచి వాడికి ఇదే దగ్గు. మాబూబీని చూసి గొంతు తగ్గించాడు. "పిన్నికేమైంది?"

"చక్కెర తగ్గిందిరా. మీ కాయలు తొడిమలు తీసి తీసి తీపంతా అందులో పోసేసింది. ఈసారి నీ మిరపకాయలు లడ్డూల ధరకి పోతాయి."

బెంచీలు నవ్వాయి. బెంచీలు నవ్వగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. "అబ్బ, పొన్నూరు మిల్లు ఆసామి కథ చెప్పు బాబాయ్, వీళ్ళంతా విననే లేదు," అన్నాడు వెంకయ్య. చెప్పకుండా ఉండవలసింది. కానీ నలభై ఏళ్ళ కథ అది, దానికి నేనక్కర్లేదు, నోరు చాలు. "పొన్నూరులో రైసుమిల్లు ఆసామి," అని మొదలైంది. "ఒళ్ళు నూట ముప్పై కేజీలు. ఏ పరుపు మీద పడుకున్నా నిద్రపట్టదు. నాకు కబురెట్టాడు. ఆరు కేజీల దూది పదహారుసార్లు ఏకాను. ఎంత తేలికంటే, తాడేసి మంచానికి కట్టకపోతే ఇంటికప్పుకి పోయి అంటుకుంటుంది. గురువారం ఎక్కి పడుకున్నాడు. శుక్రవారం లేవలా. శనివారం లేవలా. మిల్లు సైరను తెచ్చి చెవి దగ్గర మోగించారు, లేవలా. డప్పులు కొట్టించారు, లేవలా. పొన్నూరంతా గుమిగూడింది. అప్పుడేం చేశారంటే..."

అప్పుడు. అప్పుడేం చేశారు? ఉంది, ఇక్కడే ఉంది, నాలుక మీద దాని బరువు తెలుస్తోంది, దాన్ని లేపడానికి ఏదో చేశారు, అదే కథంతా, దానికోసమే మిగతాదంతా కుట్టింది. తెల్లటి నుసి. ఆరుగురూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళ మొహం మీద నవ్వు తయారుగా ఉంది, పడడానికి చోటులేక ఆగింది. గడియారం చప్పుడు వినబడింది.

"అప్పుడేం చెయ్యడమేంటి," అన్నాను, "ఇంకా పడుకునే ఉన్నాడు. మెల్లిగా మాట్లాడండి, లేస్తాడు!"

పకాలుమన్నారు. "ఇది కొత్తగా ఉందే!" అని వెంకయ్య దగ్గూ నవ్వూ కలిసిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తల తిప్పితే లోపలిగది తెర పట్టుకుని డాక్టరమ్మ నిలబడి ఉంది. నవ్వలేదు. రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నప్పుడు ఎలా చూస్తారో అలా చూస్తోంది. ఆమెకి ఆరేళ్ళప్పటి నుంచి తెలుసు ఆ కథ, చివర ఏముందో తెలుసు. గుంటూరులో ఎంత పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇప్పుడు నవ్వే ఉండేవాడు. ఆమె తెర వదిలేసి లోపలికి పోయింది. అప్పుడు నా మోకాలికి మాబూబీ చెయ్యి తగిలింది. "నిప్పుల్లో మిరపకాయలు వేశారయ్యా," అంది, నాకొక్కడికే వినబడేలా, పెదవులు కదిలీ కదలకుండా. "ఊరంతా తుమ్మింది. ఆయన చివర్న తుమ్మి లేచాడు."

అప్పుడు తెలిసింది. ఇది కొత్త కాదు. చాలా రోజులుగా అందిస్తోంది. పెళ్ళిలో ఎవరో పిల్ల ఎదురొస్తే, నన్ను చూపించి "ఇదిగో మీ హయాత్ బాబాయ్, పలకరించవే యాస్మిన్" అని నాకు వాళ్ళ పేరు అందేలా పిలుస్తుంది. కళ్ళు కనబడని మనిషి, గొంతుని బట్టి మనిషిని పట్టి, పేరు నా చేతిలో పెడుతుంది. నేనేమో దానికి చూపు నేనే అనుకుంటూ రెక్క పట్టుకుని నడిపిస్తున్నాను. నా బుర్రలో పోయినవన్నీ పోలేదు, దీని దగ్గర ఉన్నాయి. ఇది మధ్యాహ్నం పడుకుని లేవకపోతే నా దగ్గర ఇక ఏముంటుంది? ఆ మాటకి నాకు సిగ్గేసింది కూడా. మనిషి ప్రాణం గురించి ఆలోచిస్తూ మళ్ళీ నా గురించే ఆలోచిస్తున్నాను.

మూడోసారి. నూట ఇరవై ఎనిమిది. ఆరాధన చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళి వచ్చింది. "ఇంటికెళ్ళిపోవచ్చు తాతగారూ. డాక్టర్‌గారు లోపల కట్టు కడుతున్నారు. అన్నం బాగా తినిపించమన్నారు. ఇవాళ ఇక సూది వద్దన్నారు, రేపు పొద్దున మామూలుగానే." మామూలుగానే. పదీ నలభై. షానవాజ్ ఆటో గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు. మాబూబీ తనే లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది, కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది. నేను వంగి చెప్పులు తొడిగాను. రెక్క పట్టుకున్నాను. అంతా ఎంత సులువుగా ఉంది! ఎవరూ ఏమీ అడగడం లేదు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. సగం సగం పాళ్ళు, ఒకసారే వేసి ఉంటాను, ఇంటికెళ్ళి పప్పన్నం తిని పడుకుంటాం, సాయంత్రం ఇద్దరం టీ తాగుతాం, ఈ గంట కూడా పరుపుల్లో ఒక పరుపయి కిందికి పోతుంది. గుమ్మం దాటాం. ఎండ. ఆటో కడ్డీ చేతికి వేడిగా తగిలింది. మాబూబీ ఒక కాలు లోపల పెట్టింది. "నిద్రొస్తోందయ్యా," అంది, "ఇంటికెళ్ళి కాసేపు పడుకుంటా."

"దిగు," అన్నాను.

"ఏంటయ్యా?"

"దిగవే." గొంతు నాది కాదు. షానవాజ్ వెనక్కి తిరిగి చూశాడు. దాన్ని అక్కడే గోడ పట్టించి నిలబెట్టి, లోపలికి నడిచాను, బెంచీలు దాటి, వెంకయ్య ఏదో అంటుంటే దాటి, ఆకుపచ్చ తెర తప్పించాను. డాక్టరమ్మ ఎవరో కూలీ మనిషి కాలికి కట్టు చుడుతోంది. నోరు తెరిచాను. నోరు ఎప్పట్లాగే తయారుగా ఉంది, అయిదారు మాటలు క్యూ కట్టాయి, అన్నీ బాగున్నాయి, అన్నీ నవ్వొచ్చేవే. వాటిని పక్కకి నెట్టడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. కట్టు కట్టించుకుంటున్న మనిషి నన్నే చూస్తున్నాడు.

"అమ్మా, నాకు తెలియదు."

"ఏం తెలియదు బాబాయ్?"

"ఒకసారో, రెండుసార్లో. ఇందాక చెప్పింది... అది కథ. నాకు గుర్తులేదు. చాలా గుర్తుండడం లేదు."

ఆమె మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. 'అయ్యో' అని కూడా అనలేదు, అని ఉంటే అక్కడే కూలబడేవాణ్ణి. కట్టు కొస ముడి వేసి, చేతులు తుడుచుకుని, "ఆరాధనా, ఆటో పంపించెయ్. అమ్మగారిని లోపల మంచం మీద పడుకోబెట్టి డ్రిప్ పెట్టు. సాయంత్రం దాకా ఇక్కడే. అరగంటకోసారి చూడు," అంది. అప్పుడు నా భుజం పట్టి తన కుర్చీలో, వాళ్ళ నాన్న కూర్చున్న కుర్చీలో, కూర్చోబెట్టింది. "ఇందాక మీరు 'ఒకసారే' అన్నారే, నేను నమ్మి పంపించేశాను," అంది. "మీ కథ ఆగిపోవడం విన్నాక కూడా అడగలేదు. అది నా తప్పు. ఇక రోజూ అడుగుతాను, విసుక్కోకూడదు." రక్తం తీసి పంపుతానంది, ఒక్కోసారి థైరాయిడ్ వల్లా ఒంట్లో ఏదో విటమిన్ తగ్గినా ఇలా అవుతుందంది, అవి కాకపోతే అప్పుడు గుంటూరులో తలకాయ ఫొటో తీయిస్తానంది. "అక్కడివాళ్ళకి మీరు తెలియదు. మామూలుగా మీరెలా ఉంటారో నేను రాసిస్తాను, ఆ కాగితం తీసుకెళ్ళాలి. ఏ జబ్బయినా చూసుకునేది ఇక్కడే, నేనే." తర్వాత సఫూరాకి తనే ఫోను చేసింది. నేను వద్దనలేదు.

మంచం పక్కకి వచ్చి కూర్చున్నాను. డ్రిప్ బొట్టు బొట్టుగా పడుతోంది. వెంకయ్య తలుపు దగ్గర తువ్వాలు నలుపుకుంటూ నిలబడి, వెళ్ళిపోయాడు. పదకొండున్నరకి ఆరాధన పొడిచింది. మిషను అయిదు లెక్కపెట్టింది. ఆ పిల్ల మొహం మారింది, పరిగెత్తి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ ఆ మిషను నాకు చూపించింది. అయిదో తరగతి చదివినవాడికి ఆ మాత్రం అంకె చదవడం వచ్చు. డ్రిప్ ఎక్కుతుండగానే అరవై ఒకటి. రెండు. రెండుసార్లు. ఈ ఏడాదిలో నాకు ఖాయంగా తెలిసిన సంగతి ఇదొక్కటే. ఆమె పెద్ద సిరంజీతో గొట్టంలోకి ఏదో ఎక్కించింది, చుక్కల చక్రం తిప్పి వేగం పెంచింది, నాడి పట్టుకుని నిలబడింది. రోడ్డు మీద లారీ వెళ్ళింది, మేమంతా దగ్గాం. మళ్ళీ పొడిచారు. నూట నాలుగు. "పర్లేదు," అంది డాక్టరమ్మ, ఊపిరి వదిలి. "పట్టుకున్నాం. సాయంత్రం దాకా ఇలాగే పట్టుకుందాం."

తర్వాత అడిగింది, ఎవరినీ చూడకుండా, డ్రిప్ వంకే చూస్తూ: "మరి రేపు పొద్దున సూది ఎవరు వేస్తారు?"

"సఫూరా వేస్తుంది," అన్నాను.

మాబూబీ కళ్ళు తెరవకుండానే మొహం చిట్లించింది. "అదా? దాని చెయ్యి మొరటమ్మా. ఓసారి వేసింది, నాలుగు రోజులు నొప్పి. ఈయన చెయ్యి అయితే పడిందీ తెలీదు, తీసిందీ తెలీదు."

నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాను.

"నొప్పి ఉండనీ మాబూ," అన్నాను. "పడింది తెలియాలి."